ఇంటర్ తర్వాత మైసూరు ఆర్‌ఐఈ: అమ్మాయిని పంపాలా, ఇక్కడే బీఈడీ చేయించాలా?

సార్, ముందు మీ టెన్షన్ తీరే మాట చెప్తాను. మైసూరు పట్టా మన డీఎస్సీకి, అంటే రాష్ట్ర ప్రభుత్వ టీచర్ల నియామకాలకు, చెల్లుతుంది. దాని గురించి ఇంకో నాలుగు ముక్కలు కింద రాస్తాను.

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసైంది. ఇంజనీరింగ్ వద్దు, టీచర్నవుతానంటోంది. మైసూరులోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ (ఆర్‌ఐఈ)లో నాలుగేళ్ల బీఎస్సీ బీఈడీ ఉందని ఎవరో చెప్పారు. ఇక్కడే డిగ్రీ చేసి బీఈడీ ప్రవేశానికి ఎడ్‌సెట్ రాస్తే పోయేదానికి ఆడపిల్లను అంత దూరం పంపడమెందుకు అని మీ ఇంట్లో అంటున్నారు. నేను అక్కడే చదివాను. తర్వాత నవోదయ విద్యాలయాల్లో లెక్కలు చెప్పుకుంటూ వస్తున్నాను. ఇంటర్న్‌షిప్‌కి మా దగ్గరికి మైసూరు పిల్లలూ వచ్చారు, చుట్టుపక్కల బీఈడీ కాలేజీల పిల్లలూ వచ్చారు. ఇద్దరి పాఠాలూ వెనక బెంచీలో కూర్చుని విన్నవాణ్ణి కాబట్టి కాస్త పెద్దదైనా వివరంగానే రాస్తాను.

అసలు ఆ సంస్థ ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం సందేహాలు పోతాయి. దాన్ని నడిపే ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) 1961లో ఏర్పడింది. సెకండరీ విద్య మీద వేసిన మొదలియార్ కమిషన్ చెప్పినట్టు దేశంలో బహుళార్థసాధక ఉన్నత పాఠశాలలు పెట్టారు గానీ, వాటిలో చెప్పడానికి సైన్సు, వృత్తివిద్య టీచర్లు దొరకలేదు. అందుకని 1963లో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో నాలుగు రీజనల్ కాలేజీలు పెట్టారు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ సాంకేతిక సహాయం చేసింది. డిగ్రీ ఒకచోట, బీఈడీ ఇంకోచోట కాకుండా, సబ్జెక్టూ బోధనా పక్కపక్కనే నాలుగేళ్లు నేర్పాలన్న ఆలోచన అప్పటిది. ఇప్పుడు జాతీయ విద్యావిధానం 2020 నాలుగేళ్ల బీఈడీ అంటుంటే అందరూ కొత్త విషయంలా చూస్తున్నారు, వీళ్లు అరవయ్యేళ్లుగా చేస్తున్న పని అది. 1990ల్లో కాలేజీ పేరు ఇన్‌స్టిట్యూట్ అయింది. పాతవాళ్లం ఇప్పటికీ ఆర్‌సీఈ (రీజనల్ కాలేజ్ ఆఫ్ ఎడ్యుకేషన్) అనే అంటాం. ఈ పాత పేరుతో ఒక పని కూడా ఉంది, ఉద్యోగాల దగ్గర చెప్తాను.

క్యాంపస్ మానసగంగోత్రిలో, మైసూరు విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉంటుంది. సంస్థ ఎన్‌సీఈఆర్‌టీది, పట్టా ఇచ్చేది మైసూరు విశ్వవిద్యాలయం. ఇది 1916 నాటి యూనివర్సిటీ, కాబట్టి గుర్తింపు గురించి అనుమానం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి, లక్షద్వీప్‌లు దాని పరిధిలోకి వస్తాయి. లక్షద్వీప్ పిల్లలతో ఒకే మెస్సులో తినడం అక్కడ తప్ప ఇంకెక్కడ జరుగుతుందో నాకు తెలీదు.

ఇక అసలు తేడా దగ్గరికి వస్తాను. అది సిలబస్‌లో లేదు. మనోవిజ్ఞానం, మూల్యాంకనం, మెథడ్స్ (ఒక్కో సబ్జెక్టు బోధనా పద్ధతులు) ఏ బీఈడీ కాలేజీలోనైనా ఉంటాయి. పుస్తకాలూ దాదాపు అవే. తేడా క్యాంపస్‌లోనే ఉన్న డెమాన్‌స్ట్రేషన్ మల్టీపర్పస్ స్కూల్లో ఉంది. డీఎంఎస్ అంటారు. మామూలు పిల్లలు చదివే మామూలు స్కూలే, కాకపోతే ట్రైనీలు పాఠం చెప్పడం అక్కడ రోజువారీ వ్యవహారం. మీ అమ్మాయి పాఠం చెబుతుంటే వెనక మెథడ్ లెక్చరర్ ఉంటారు, ఆ క్లాసు టీచర్ ఉంటారు, నోట్‌బుక్కులు పట్టుకుని తోటి విద్యార్థులు ఉంటారు. పీరియడ్ అవగానే అందరూ చెట్టు కిందో స్టాఫ్‌రూమ్‌లోనో కూర్చుని ఆ పాఠాన్ని విప్పి చూస్తారు. మొహమాటం ఉండదు.

ఒక పాఠం చెప్తాను, మీకే తెలుస్తుంది. ఎనిమిదో తరగతి, వాతావరణ పీడనం. చెప్పేది మా క్లాస్‌మేట్, కేరళ అబ్బాయి. గ్లాసు నిండా నీళ్లు పోసి, పైన అట్టముక్క పెట్టి, తలకిందులు చేశాడు. నీళ్లు పడలేదు. వాడు ఇంకా ప్రశ్న అడగనే లేదు, మొదటి బెంచీ పిల్ల లేచి, "అట్మాస్ఫెరిక్ ప్రెషర్ సార్, పోయినేడు వచ్చిన ట్రైనీ కూడా ఇదే చేశారు" అంది. డీఎంఎస్ పిల్లలతో వచ్చే ఇబ్బందే అది, మన కిటుకులన్నీ వాళ్లకు ముందే తెలుసు. వాడి లెసన్ ప్లాన్‌లో పదిహేను నిమిషాలు అక్కడికక్కడే ఎగిరిపోయాయి. వెనక కూర్చున్న మెథడ్ లెక్చరర్ మేడం కదల్లేదు, మెదల్లేదు. వాడు కాసేపు గ్లాసు వంక చూసి, "సరే, సగమే నీళ్లు పోస్తే?" అన్నాడు. క్లాసు రెండుగా చీలిపోయింది. లోపల గాలి ఉంది కదా, అది కిందికి నెట్టేస్తుంది, పడిపోతుందని సగం మంది. పడదని సగం మంది. చేసి చూశారు, పడలేదు. లోపల గాలి ఉన్నా ఎందుకు పడలేదన్న దాని మీద గంట కొట్టేదాకా పిల్లలే కొట్టుకున్నారు. తర్వాత చర్చలో మేడం అన్న మాట మాకందరికీ గుర్తుండిపోయింది: "నువ్వు సగం గ్లాసు అన్నావు చూడు, పాఠం అక్కడ మొదలైంది. అంతకుముందు చేసింది ప్రదర్శన."

ఈ మాట పుస్తకంలో చదివితే ఎవరికీ ఎక్కదు. మన పాఠాన్ని ఒకరు పూర్తిగా చూసి, ఆ పూటే చెబితే ఎక్కుతుంది. నేను మైసూరు వైపు మొగ్గేది ఈ ఒక్క కారణంతోనే. మిగతా లాభాలన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు రెండో వైపు. మా దగ్గరికి వచ్చిన ఒక బీఈడీ ట్రైనీ లెసన్ ప్లాన్ రికార్డు చూస్తే, ప్రతి పాఠం పైనా తేదీ ఏడాది కిందటిది. సీనియర్ రికార్డు తేదీతో సహా దించేశాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టలేం. ఉన్నన్ని రోజులూ వాడి కాలేజీ నుంచి ఒక్కరూ వచ్చి ఒక్క పాఠమూ వినలేదు. చివరి రోజు ఎవరో వచ్చి సంతకాలు పెట్టించుకుపోయారు. 'నాన్ అటెండింగ్' అనే మాట మన రెండు రాష్ట్రాల్లో ఎంత మామూలైపోయిందో మీకూ తెలుసు. ఫీజు కట్టడం, పరీక్షలకు వెళ్లడం, రికార్డులు డబ్బిచ్చి రాయించుకోవడం. అలా చదివినవాళ్లలోనూ మంచి టీచర్లు ఉన్నారు, కాదనను. కానీ వాళ్లు ఉద్యోగంలో చేరాక, మొదటి రెండు మూడేళ్లు పిల్లల మీద నేర్చుకున్నారు.

అన్ని కాలేజీలనూ ఒకే గాటన కట్టకూడదు. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో, రాజమండ్రిలో ఐఏఎస్‌ఈలనే ప్రభుత్వ టీచర్ శిక్షణ కళాశాలలు ఉన్నాయి. ఆంధ్రా యూనివర్సిటీకి, ఉస్మానియాకి సొంత విద్యా కళాశాలలున్నాయి. ఇలాంటిచోట సీటొస్తే ఇక్కడే చదివించడం కూడా సరైన నిర్ణయమే. ఏ కాలేజీ అయినా సరే, చేర్చేముందు ఒక్క ప్రశ్న అడగండి: "మా అమ్మాయి పాఠం చెబుతుంటే ఎవరు వచ్చి చూస్తారు?" జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

కాలం లెక్క చూద్దాం. ఇక్కడ మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బీఈడీ, మొత్తం ఐదేళ్లు. బీఈడీని ఏడాది నుంచి రెండేళ్లు చేసినవి, టీచర్ల శిక్షణను నియంత్రించే ఎన్‌సీటీఈ తెచ్చిన 2014 నిబంధనలు. అక్కడ నాలుగేళ్లు. ఒక ఏడాది మిగులుతుంది. దాన్ని మరీ పెద్దది చేసి చూడకండి. నాలుగేళ్ల డిగ్రీ గానీ పీజీ గానీ ఉన్నవాళ్లకు ఏడాది బీఈడీని మళ్లీ తెస్తామని 2025లో ఎన్‌సీటీఈ ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. ఇలాంటివి మారుతూనే ఉంటాయి. ఏడాది కలిసొస్తుందని మైసూరు పంపడం, ఏడాది పోతుందని మానడం, రెండూ సరికాదు.

నాలుగేళ్ల కోర్సు అంటే ఇప్పుడు మైసూరు ఒక్కటే కూడా కాదు. 2030 నాటికి టీచరుకు కనీస అర్హత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీయే కావాలని జాతీయ విద్యావిధానం చెప్పింది. దాని ప్రకారం ఐటీఈపీ (ఇంటిగ్రేటెడ్ టీచర్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్) అనే ఆ నాలుగేళ్ల కోర్సును 2023-24లో దేశంలో 57 సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. తర్వాత ఇంకా కలిశాయి. మనకు దగ్గర్లో వరంగల్ ఎన్‌ఐటీలో ఉంది, హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం (మనూ)లో ఉంది, శ్రీకాకుళం అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో ఉంది. దూరమే మీ అసలు బెంగ అయితే వీటినీ చూడండి. కాకపోతే అరవయ్యేళ్లుగా టీచర్లను తయారుచేస్తున్న చోటుకీ, నిన్నగాక మొన్న కోర్సు తెచ్చుకున్న చోటుకీ తేడా ఉంటుంది. ఎన్‌ఐటీలో లెక్కలు, ఫిజిక్సు అద్భుతంగా చెబుతారు, అందులో సందేహం లేదు. మెథడ్ చెప్పేవాళ్లు ఎంతమంది, దగ్గర్లో ఏ స్కూలుతో ఒప్పందం ఉంది అన్నది వెళ్లి కనుక్కోండి.

ఐటీఈపీలో ఇంకో మెలిక ఉంది. ఫౌండేషనల్, ప్రిపరేటరీ, మిడిల్, సెకండరీ అని దశల వారీగా సీట్లు ఉంటాయి. దరఖాస్తు పెట్టేటప్పుడు ఏ దశకు పెడుతున్నామో చూసుకోవాలి. ఎంపీసీ చదివిన పిల్ల, హైస్కూల్లో లెక్కలు చెప్పాలనుకుంటే సెకండరీయే తీసుకోవాలి. సీటు ఏదైతేనేం అని ఖాళీ ఉన్నదాన్లో చేరిపోతే తర్వాత నోటిఫికేషన్ ముందు కూర్చుని తల పట్టుకోవాల్సి వస్తుంది.

ఇక ఉద్యోగాలు. కేంద్రీయ విద్యాలయాలు (కేవీఎస్), నవోదయలు టీజీటీ (ట్రైన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులకు అర్హతలు రాసేటప్పుడు 'ఎన్‌సీఈఆర్‌టీ వారి రీజనల్ కాలేజ్ ఆఫ్ ఎడ్యుకేషన్ నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ డిగ్రీ, సంబంధిత సబ్జెక్టులో, 50 శాతం మార్కులతో' అని విడిగా ఒక వరస పెడతాయి. గిరిజన పిల్లల కోసం కేంద్రం నడిపే ఏకలవ్య స్కూళ్ల నోటిఫికేషన్లోనూ అదే వరస. పాత పేరుతో పని ఉందన్నాను కదా, ఇదే. పేరు మారినా నిబంధనల్లో అలాగే నిలిచిపోయింది. డిగ్రీ, బీఈడీ విడివిడిగా చేసినవాళ్లకూ ఇవే ఉద్యోగాలు వస్తాయి, అది వేరే వరస. ఏ వరసైనా కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు సీటెట్ (కేంద్ర టీచరు అర్హత పరీక్ష) మాత్రం పాసవ్వాల్సిందే.

మన డీఎస్సీకి వస్తే, స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీలో ఆ సబ్జెక్టు, బీఈడీలో ఆ మెథడాలజీ ఉండాలి. మైసూరులో ఎంపీసీ గ్రూపు వాళ్లకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ ఉంటాయి, ఫిజికల్ సైన్సుకూ మ్యాథ్స్‌కూ బోధనా పద్ధతులు చెబుతారు. మార్కుల జాబితాలో ఆ రెండు మెథడ్స్ స్పష్టంగా కనిపించేలా చూసుకోవడం తప్ప ఇంకే ఇబ్బందీ ఉండదు.

బయటి రాష్ట్రంలో చదివితే ఉద్యోగాల్లో లోకల్ అభ్యర్థి హోదా పోతుందేమో అని చాలామందికి భయం. టీచరు ఉద్యోగాల విషయంలో ఆ భయం అక్కర్లేదు. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నది చూస్తారు. ఆంధ్రలో జిల్లా పోస్టులకు నాలుగు నుంచి పదో తరగతి బోనఫైడ్లు అడుగుతారు. ఇంటర్ తర్వాత మైసూరు వెళ్లినా, మణిపూర్ వెళ్లినా దానికి సంబంధం లేదు. ఆ స్టడీ సర్టిఫికెట్లు మాత్రం ఇప్పుడే తీసి ఒక ఫైల్లో పెట్టండి. స్కూళ్లు మూతపడతాయి, రిజిస్టర్లు దొరకవు. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తేవాళ్లను చాలామందిని చూశాను.

ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టు, ఆశ మాత్రం పెట్టుకోకండి. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు బీఈడీ వాళ్లు ప్రాథమిక తరగతుల టీచరు పోస్టులకు అర్హులు కారని తేల్చేసింది. అంతకుముందు 2018లో ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్‌ను కొట్టేసింది. ఎస్‌జీటీయే లక్ష్యమైతే ఇంటర్ కాగానే డీసెట్ ప్రవేశ పరీక్ష రాసి డీఈఎల్‌ఈడీ అనే ప్రాథమిక టీచరు డిప్లొమా చేయడం దగ్గరి దారి. దాని కోసం మైసూరు దాకా పోనక్కర్లేదు. చిన్నపిల్లలకు చెప్పడం ఇష్టమా, పెద్దపిల్లలకు లెక్కలు చెప్పడం ఇష్టమా అని అమ్మాయిని ఒకసారి కూర్చోబెట్టి అడగండి. తల్లిదండ్రులు సాధారణంగా ఈ ప్రశ్న అడగరు, జీతం ఎంత, పోస్టులెన్ని అని మొదలుపెడతారు.

పోస్టుల గురించి ఎటూ అడుగుతారు కాబట్టి ఇది కూడా రాస్తాను. ఆంధ్రలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ 2025లోనే 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పూర్తయింది. తెలంగాణలో 2017 టీఆర్‌టీ (అప్పటి టీచర్ల నియామక పరీక్ష) తర్వాత 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ జరిగింది. అంటే ఏడేసి ఏళ్లు. ఈ మధ్యలో బీఈడీ పూర్తిచేసినవాళ్లు ప్రైవేటు స్కూళ్లలో, కోచింగ్ సెంటర్లలో గడిపారు. డీఎస్సీలో టెట్ (టీచరు అర్హత పరీక్ష) స్కోరుకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి మార్కులు పెంచుకుందామని మళ్లీ మళ్లీ రాశారు. అందుకే డీఎస్సీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా కేవీఎస్, నవోదయ, ఏకలవ్య, గురుకులాలు అన్నిటికీ సిద్ధంగా ఉండాలి. మైసూరులో ఇంగ్లిష్ మీడియంలో సీబీఎస్‌ఈ పిల్లలకు పాఠాలు చెప్పిన అలవాటు కేంద్ర స్కూళ్ల ఇంటర్వ్యూల్లో పనికొస్తుంది. నవోదయ అంటే బదిలీలు, హాస్టల్ డ్యూటీలు ఉంటాయి. రాత్రి పదకొండుకు జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లడం కూడా ఉద్యోగంలో భాగమే. అది వేరే కథ.

ఒక లోటు కూడా చెప్పాలి. నాలుగేళ్లలో మూడు సైన్సు సబ్జెక్టులు, ఎడ్యుకేషన్ పేపర్లు, ప్రాక్టికల్స్, ఇంటర్న్‌షిప్, పల్లెకెళ్లి కొన్నాళ్లు ఉండే కమ్యూనిటీ వర్క్ అన్నీ కుక్కేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులే. లెక్కల్లో లోతుగా పోవాలనుకునే పిల్లకు ఊపిరాడదు. మంచి సెంట్రల్ యూనివర్సిటీలో బీఎస్సీ ఆనర్స్ చదివిన పిల్లతో పోలిస్తే సబ్జెక్టులో కాస్త వెనకబడే ఉంటుంది. మా బ్యాచ్‌లో ఎంఎస్సీకి వెళ్లినవాళ్లు మొదటి సెమిస్టర్లో బాగా కష్టపడ్డారు. మీ అమ్మాయికి రీసెర్చ్ మీద ఏమాత్రం మనసున్నా ముందు బీఎస్సీ, ఎంఎస్సీ చేసి, తర్వాత బీఈడీ ఆలోచించడం మేలు. ఇంటర్లో ర్యాంకు రాలేదు కాబట్టి టీచరు అనుకుంటున్నా మైసూరు వద్దు. అక్కడ రెండో ఏడాదికే విసుగొచ్చేస్తుంది, మధ్యలో మానేస్తే చేతిలో ఏమీ మిగలదు.

దూరం సంగతి. హైదరాబాద్ నుంచి కాచిగూడ-మైసూరు ఎక్స్‌ప్రెస్ ఉంది, రాత్రికి రాత్రి బెంగళూరు దాటి పోతుంది. తిరుపతి నుంచి చామరాజనగర్ వెళ్లే బండి మైసూరు మీదుగానే పోతుంది. హాస్టల్ క్యాంపస్ లోపలే, అమ్మాయిలకు వేరే. ఊరు చల్లగా, నెమ్మదిగా ఉంటుంది, బెంగళూరు హడావుడి లేదు. తిండి దగ్గర మాత్రం మనవాళ్లకు మొదటి నెల కష్టం, సాంబారులో బెల్లం వేస్తారు. పచ్చళ్లు పంపుతారు కదా, నలుగురికి సరిపడా పంపండి, తమిళ పిల్లలు కూడా పంచుకుంటారు. తెలుగు మీడియంలో చదివిన పిల్ల అయితే మొదటి సెమిస్టర్ ఇంగ్లిష్‌తో ఇబ్బంది పడుతుంది. నేనూ తెలుగు మీడియమే. పాఠం చెప్పాల్సి రావడమే ఇంగ్లిష్ నేర్పేస్తుంది, స్పోకెన్ కోర్సులు అక్కర్లేదు.

ప్రవేశం గురించి. ఐటీఈపీ సీట్లకు జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐటీలు, ఎన్‌ఐటీలతో పాటు మైసూరు లాంటి ఆర్‌ఐఈలు కూడా దాని కిందికి వచ్చాయి. రెండు భాషలు, మూడు సబ్జెక్టులు, జనరల్ టెస్ట్, టీచింగ్ ఆప్టిట్యూడ్ ఉంటాయి. 13 భాషల్లో ప్రశ్నపత్రం ఇస్తారు, తెలుగు ఉంది. ఎంసెట్‌కు చదివిన పిల్లకు సబ్జెక్టుల్లో పెద్ద కష్టమేమీ ఉండదు, తేలేది భాషలూ ఆప్టిట్యూడ్ దగ్గరే. ఒక భాషగా తెలుగు పెట్టుకోమనండి, ఉచితంగా వచ్చే మార్కులు ఎందుకు వదులుకోవాలి? పరీక్ష తేదీ ఏటా మారుతోంది, 2023లో ఆగస్టులో పెట్టారు, 2025లో ఏప్రిల్లో. కాబట్టి ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాం అనుకుంటే నోటిఫికేషన్ దాటిపోవచ్చు. పరీక్ష రాశాక కౌన్సెలింగ్‌కు ఆయా సంస్థల వెబ్‌సైట్లో మళ్లీ నమోదు చేసుకోవాలి. ర్యాంకు వచ్చాక ఇంట్లో కూర్చుంటే ఎవరూ పిలవరు.

డిగ్రీ అడ్మిషన్‌కు తెలంగాణ ఆన్‌లైన్ పద్ధతి దోస్త్ అయినా, ఆంధ్ర ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అయినా, ఇక్కడ కూడా పెట్టి ఉంచండి. మైసూరు రాకపోతే ఏడాది ఖాళీగా పోకూడదు. మీరు ఏ జిల్లా, అమ్మాయికి ఫిజిక్స్ ఇష్టమా లెక్కలు ఇష్టమా అన్నది రాయలేదు. అవి చెబితే ఎన్‌సెట్‌లో ఏ మూడు సబ్జెక్టులు పెట్టుకోవాలో, ఏ సంస్థను ముందు రాసుకోవాలో కింద రాస్తాను.